భోగిమంటలో వెయ్యకూడనివి

మొన్న భోగికి ఊరెళ్ళినప్పుడు అమ్మ అటక మీద నుంచి ఒక బిస్కెట్ల డబ్బా దింపించింది. విరిగిన కుర్చీకాలు, చిల్లుపడ్డ చాట, చెదపట్టిన చెక్కలు అప్పటికే మంటలోకి వెళ్ళిపోయాయి. డబ్బా మూత తీస్తే అంతా వైర్లు, ఒకదానికొకటి చుట్టుకుని. "ఇవి మంటలో వెయ్యకూడదు కదరా, ఏం చేద్దాం?" అంది. ఏం చెయ్యాలో నాకూ తెలీదు. అరుగు మీద కూర్చుని చిక్కు విప్పడం మొదలుపెట్టాను. పదిహేడు చార్జర్లు, నాలుగు బ్యాటరీలు (అందులో ఒకటి పూరీలా పొంగింది), ఒక నక్షత్రం మొన స్క్రూడ్రైవరు, అడుగున ఒక యూనివర్సల్ చార్జరు. మా ఇంటి ఇరవయ్యేళ్ళ చరిత్ర, పొరలు పొరలుగా.

అన్నిటికంటే కింద పొర నోకియాది. లావు పిన్ను, సన్న పిన్ను. ఈ రెండు మాటలూ వినగానే నవ్వొస్తే మీరూ నా వయసువాళ్ళే. 3.5 మిల్లీమీటర్ల లావు పిన్నుతో 1100 లాంటి ఫోన్లు వచ్చాయి. 2005 ప్రాంతంలో కంపెనీ 2 మిల్లీమీటర్ల సన్న పిన్నుకి మారింది. పాత చార్జరు పారేయకుండా లావుని సన్నం చేసే చిటికెనవేలంత అడాప్టరు కూడా అమ్మింది. పెళ్ళిళ్ళలో, బస్టాండుల్లో, హాస్టల్లో "సన్న పిన్నుందా?" అని అడిగితే ఎవరో ఒకరు తీసిచ్చేవారు. ఏ ప్రభుత్వమూ చెప్పకుండానే మనకో ఉమ్మడి చార్జరు ఉండేది. అందరి దగ్గరా ఒకే కంపెనీ ఫోను ఉండటం వల్ల వచ్చిన ఉమ్మడి అది. దాన్ని తల్చుకుని మురిసిపోవాల్సినంత ఏం లేదు. వేరే కంపెనీ ఫోను కొన్నవాడు అదే హాస్టల్లో ఒంటరివాడు. ఒకడిది వెడల్పాటి పళ్ళ పిన్ను, ఇంకొకడిది పక్కనుంచి క్లిప్పులా పట్టుకునేది. చార్జరు ఇంట్లో మర్చిపోయొస్తే ఆ వారం వాడికి ఫోన్ లేనట్టే.

అలాంటివాడి కోసమే యూనివర్సల్ చార్జరు పుట్టిందేమో అనిపిస్తుంది. ఈ వ్యాసం నిజానికి దాని గురించే.

దాన్ని చూడనివాళ్ళకి: అరచేతిలో పట్టే ప్లాస్టిక్ క్లిప్పు, వెనక గోడకి గుచ్చే రెండు పిన్నులు, ముందు ఎండ్రకాయ కాళ్ళలా అటూ ఇటూ జరిగే రెండు సన్నని ఇనప కాళ్ళు. ఫోన్లోంచి బ్యాటరీ తీసి, దాని మీదున్న బంగారు రంగు పట్టీలకి ఆ కాళ్ళు ఆనేలా సర్ది, క్లిప్పు వదిలేయాలి. లైట్లు వెలుగుతాయి. పక్కన పొట్టి ఇంగ్లీషు అక్షరాలు. 'ఫుల్' అన్న మాటకి రెండో ఎల్ పెట్టడానికి కూడా చోటు సరిపోయేది కాదు. ఏది ప్లస్సో ఏది మైనస్సో చూసుకోనక్కర్లేదు. చాలావాటిలో తిరగేసి పెట్టినా లోపల అదే సర్దుకునే ఏర్పాటుండేది, లేనివాటికి పక్కన చిన్న స్విచ్చి.

దానికి ఫోనుతో పనిలేదు. పిన్ను లావా సన్నమా, కంపెనీ ఏది, చార్జింగ్ సాకెట్టు బాగుందా పోయిందా, ఇవేవీ దానికి అక్కర్లేదు. కావలసిందల్లా బ్యాటరీ బయటికి రావడం. కరెంటు పోయే ఊళ్ళో జనం రెండు బ్యాటరీలు పెట్టుకునేవారు. ఒకటి ఫోన్లో, ఒకటి క్లిప్పులో. మా వీధి చివర రిపేరు షాపాయన గోడకి అలాంటివి ఆరేడు వరసగా తగిలించి, ఎవరి బ్యాటరీ మీద వాళ్ళ పేరు స్కెచ్ పెన్నుతో రాసేవాడు.

ఇంజినీరుగా చూస్తే అది కాస్త భయపెట్టే వస్తువే. లిథియం అయాన్ బ్యాటరీని నింపడానికి ఒక పద్ధతుంది. ముందు కరెంటు స్థిరంగా ఉంచి తోయాలి, వోల్టేజీ 4.2కి చేరాక దాన్ని అక్కడే పట్టి ఉంచి, కరెంటు తనంతట తను సన్నగిల్లేదాకా ఆగాలి. ఆ 4.2 దగ్గర సందు చాలా తక్కువ, ఒక శాతం అటూ ఇటూ. బీఎల్-5సీ బ్యాటరీ చూస్తే మూడు పట్టీలుంటాయి: ప్లస్సు, మైనస్సు, మధ్యలో ఇంకోటి. ఆ మూడోదాని వెనక ఒక రెసిస్టరు, నేను ఫలానా రకం బ్యాటరీని అని ఫోనుకి చెప్పుకోవడానికి. యూనివర్సల్ చార్జరుకి కాళ్ళు రెండే. మూడో పట్టీ చెప్పేది అది వినదు. చౌకరకం క్లిప్పులు ఎక్కడ ఆగాలో కూడా సరిగ్గా చూసుకునేవి కావు. వాటితో అంతమంది అన్నేళ్ళు క్షేమంగా ఉన్నారంటే, ఆ పుణ్యం చాలావరకు బ్యాటరీ లోపలే ఉండే చిన్న రక్షణ సర్క్యూటుది.

లిథియం కథలో మొదట్నుంచీ ఈ భయం ఉంది. 1970లలో ఎక్సాన్ కంపెనీలో స్టాన్లీ విటింగ్‌హామ్ మొదలుపెట్టింది, 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడెనఫ్ బృందం లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ దగ్గరికి తెచ్చింది. ఈలోపు లోహపు లిథియంతో బ్యాటరీలు చేసిన కెనడా కంపెనీ మోలి ఎనర్జీ, జపాన్‌లో ఫోన్లు అంటుకోవడంతో 1989లో వాటిని వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. లోహం లేకుండా, కార్బన్‌లో లిథియం అయాన్లు దాక్కునేలా అకిరా యోషినో 1985లో చేసిన నమూనా దారే నిలబడింది. సోనీ 1991లో దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఈ ముగ్గురికీ 2019లో నోబెల్ వచ్చేసరికి గుడెనఫ్‌కి 97 ఏళ్ళు. అయినా జనం నోళ్ళలో మాత్రం నికెల్ బ్యాటరీల కాలం నాటి మాటలే బతికాయి. "కొత్త ఫోను కదా, ముందు ఎనిమిది గంటలు పెట్టు", "పూర్తిగా అయిపోయాకే పెట్టాలి" అని మా నాన్న నిన్నమొన్నటిదాకా చెప్పేవాడు. నికెల్ కాడ్మియంకి పనికొచ్చే సలహా లిథియంకి కీడే చేస్తుంది. కెమిస్ట్రీ మారినంత తొందరగా సామెతలు మారవు.

2007 ఆగస్టు గుర్తుందా? 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు మధ్య జపాన్ కంపెనీ మత్సుషితా తయారుచేసిన 4 కోట్ల 60 లక్షల బీఎల్-5సీ బ్యాటరీల్లో కొన్ని, చార్జింగ్‌లో ఉండగా లోపల షార్టయి వేడెక్కవచ్చని నోకియా ప్రకటించింది. అప్పటికి వాళ్ళ లెక్కలో ప్రపంచమంతా కలిపి ఓ వంద సంఘటనలు, ఎవరికీ పెద్ద దెబ్బల్లేవు. ఇక్కడ టీవీ చానళ్ళు మాత్రం ప్రతి జేబులోనూ బాంబుంది అన్నంత పని చేశాయి. మా హాస్టల్లో అందరం బ్యాటరీలు ఊడదీసి, వెనక సన్నక్షరాల్లో ఉన్న నంబరు ఒకడు చదువుతుంటే ఇంకొకడు రాసుకున్నాం.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ గొడవలో నాకు ముఖ్యంగా కనిపించేది ఆ ఊడదీయడమే. బొటనవేలితో మూత జరిపి, బ్యాటరీ తీసి చూసి, అనుమానమైతే అదొక్కటీ మార్చుకున్నారు. ఫోన్లు ఎవరి ఫోన్లు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. తొమ్మిదేళ్ళ తర్వాత, 2016లో, శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలు అంటుకున్నప్పుడు కంపెనీ మొదట వెనక్కి పిలిచిందే 25 లక్షల ఫోన్లు. మార్చి ఇచ్చినవీ కాలాయి. చివరికి ఆ మోడలే ఆపేశారు, అమెరికాలో విమానం ఎక్కనివ్వలేదు. అక్కడా చెడింది బ్యాటరీయే. కానీ అది ఫోను లోపల మూసేసి ఉంది, కాబట్టి ఫోనే పోయింది.

ఈ మధ్యలో ఏం జరిగిందంటే 2009 జరిగింది. ఆ ఏడాది జూన్‌లో బ్రస్సెల్స్‌లో, యూరోపియన్ కమిషన్‌లో పరిశ్రమల బాధ్యత చూసే గుంటర్ వెర్‌హాయ్‌గెన్ చొరవతో, పెద్ద ఫోను కంపెనీలన్నీ మైక్రో యూఎస్‌బీని ఉమ్మడి చార్జరుగా ఒప్పుకుంటూ సంతకాలు పెట్టాయి. మొదట 10, తర్వాత 14. నోకియా ఉంది, ఆపిల్ కూడా ఉంది (అడాప్టరు ఇస్తే చాలన్న వెసులుబాటుతో). చైనా అంతకుముందే, 2006 చివర్లో, చార్జరు వైపు యూఎస్‌బీ సాకెట్టుండాలని ప్రమాణం తెచ్చింది. అలా చార్జరు వేరు, వైరు వేరు అయ్యాయి. నా డబ్బాలో పై పొర అంతా ఆ వైర్లే.

సరిగ్గా అదే 2009లో, మాక్‌బుక్ ప్రో లోపల బ్యాటరీని పట్టి ఉంచే స్క్రూలు మారాయి. అయిదు రేకుల పువ్వులాంటి తల. పెంటలోబ్ అంటారు. ఆ తలకి సరిపోయే స్క్రూడ్రైవరు అప్పట్లో మామూలు షాపుల్లో దొరకదు. తర్వాత అదే తల ఐఫోన్ 4 అడుగున చేరింది. అమెరికాలో రిపేరు పనిముట్లు అమ్మే ఐఫిక్సిట్ 2011లో ఆ స్క్రూలు తీసేసి మామూలువి బిగించుకునే కిట్టు ఒకటి తయారుచేసి, దానికి 'లిబరేషన్ కిట్' అని పేరు పెట్టింది. రెండు స్క్రూల కోసం అంత పెద్ద మాట ఎందుకని అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వడం లేదు.

రెండూ ఒకే ఏడాది జరిగాయని ఎవరో కుట్ర చేశారనడం లేదు. కానీ వరస చూడండి. బయటి రంధ్రం అందరిదీ అవుతున్న కొద్దీ లోపలి బ్యాటరీ కంపెనీది అయిపోతూ వచ్చింది. మనం పత్రికల్లో చదివి సంతోషించింది మొదటి వార్త. రెండోది వార్తే కాలేదు.

స్క్రూ తర్వాత జిగురొచ్చింది. జిగురు పక్షాన న్యాయంగా చెప్పాల్సింది ఉంది. ఫోను పల్చబడింది, నీళ్ళలో పడినా బతుకుతోంది, మూతకీ గోడకీ పోయే చోటు బ్యాటరీకి కలిసొచ్చింది. నకిలీ బ్యాటరీల బెడదా తగ్గింది. ఇవన్నీ నిజాలే. కానీ రిపేరు బల్ల మీద దాని ఫలితం వేరు. నోకియా కాలంలో మా షాపాయన సరంజామా ఇంతే: టీ-6 స్క్రూడ్రైవరు, సోల్డరింగ్ ఐరన్, పేస్టు, థిన్నరు, పాత టూత్‌బ్రష్, మల్టీమీటరు, ముల్లు ఊగే డీసీ పవర్ సప్లై. బ్యాటరీ తీసేసి ఆ సప్లై ఎర్ర నల్ల క్లిప్పులు ఫోనుకి తగిలించేవాడు. పవర్ బటన్ నొక్కకముందే ముల్లు లేచిందంటే లోపలెక్కడో షార్టు. నొక్కాక కూడా లేవకపోతే కరెంటు దారే తెగింది. ముల్లు ఎంత లేచి ఎక్కడ ఆగిందో చూసి రోగం చెప్పేవాడు, నాడి పట్టినట్టు. మైక్రో యూఎస్‌బీ వచ్చాక ఆయన పని సగం 'చార్జింగ్ పిన్ను మార్చడం' అయింది. ఆ డిజైన్‌లో అరిగే స్ప్రింగులు వైరు వైపు పెట్టారు, వైరు పోతే పోయింది ఫోను బతకాలని. పదివేల సార్లు పెట్టి తీసినా తట్టుకోవాలని లెక్క. చీకట్లో తిరగేసి గుచ్చే మన అలవాటు ఆ లెక్కలో లేదు. జిగురు ఫోన్లు వచ్చాక బల్ల మీదికి హాట్ గన్, పల్చటి ప్లాస్టిక్ పిక్కులు, స్క్రీన్ని పీల్చి లాగే రబ్బరు కప్పు చేరాయి. వేడి తక్కువైతే జిగురు వదలదు, ఎక్కువైతే డిస్‌ప్లే పోతుంది, పిక్కు ఒక్క మిల్లీమీటరు లోపలికెళ్తే బ్యాటరీ చిట్లుతుంది. ఇప్పుడాయన ఎక్కువగా అమ్మేది టెంపర్డ్ గ్లాసులు, కవర్లు.

ఈ సంగతి నాకు స్వయంగా తెలిసొచ్చింది నా చెవి బడ్స్‌తో. రెండేళ్ళకే కుడిది అరగంటలో పడిపోవడం మొదలైంది. సర్వీస్ సెంటర్లో "రిపేరు ఉండదు సార్, కొత్తదాని మీద డిస్కౌంట్ ఇస్తాం" అన్నారు. పౌరుషం కొద్దీ అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కి పట్టుకెళ్ళాను. చేతనైనవాడు ఎవరైనా ఉంటే అక్కడే ఉంటాడని. ఒక కుర్రాడు దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. లోపల బొత్తాం బిళ్ళంత బ్యాటరీ ఉంటుందని, అది దొరుకుతుందని కూడా చెప్పాడు. "తెరుస్త అన్నా. గని మళ్ల మూసుకోదు."

చట్టాలు కదులుతున్నాయి. యూరప్‌లో 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లకి యూఎస్‌బీ-సీ తప్పనిసరి. ఆపిల్ అంతకు ఏడాది ముందే, ఐఫోన్ 15తో, మారిపోయింది. నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది 2023లో వచ్చిన అక్కడి బ్యాటరీల చట్టం. 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల బ్యాటరీ వాడుకునేవాడే తీసుకోగలిగేలా ఉండాలంటుంది. ఎలా? బజార్లో దొరికే పనిముట్లతో. వేడి చెయ్యకుండా, ద్రావకాలు పొయ్యకుండా. ప్రత్యేకమైన పనిముట్టు కావాలంటే దాన్ని వస్తువుతోపాటే ఊరికే ఇవ్వాలి. ఒక చట్టం స్క్రూడ్రైవరు గురించి ఇంత వివరంగా మాట్లాడటం చూసి ముచ్చటేసింది. మినహాయింపులున్నాయి. ఎక్కువ కాలం మన్నే, నీళ్ళు చొరని ఫోన్లకి వేరే దారి వదిలారు. మన దేశంలో 2022లో వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, పోర్టల్ తెరిచింది. పోర్టల్లో సర్వీస్ సెంటర్ల చిరునామాలు దొరుకుతాయి. జగదీశ్ మార్కెట్ కుర్రాడికి విడిభాగాలు ఎలా దొరకాలన్నది వేరే ప్రశ్న.

సరే, డబ్బా. పొంగిన బ్యాటరీ ఇసకపోసిన చిప్పలో విడిగా పెట్టాను. చార్జర్లు, మిగతా బ్యాటరీలు ఒక సంచిలో వేశాను, హైదరాబాదులో ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇద్దామని. యూనివర్సల్ చార్జరు కూడా అందులో పడేస్తుంటే అమ్మ లోపల్నుంచి కేకేసింది.

"అది ఇటివ్వు. నాకు పనుంది."

పొద్దున్నే సుప్రభాతం పాడే చిన్న స్పీకరు డబ్బా ఉంది అమ్మకి, ఏ పేరూ లేనిది, సంతలో కొన్నది. దాని చార్జింగ్ సాకెట్టు ఊడిపోయి ఏడాదైందట. వెనక మూత తీసి చూపించింది. లోపల బీఎల్-5సీ. ఫోన్లు పోయినా ఆ సైజు బ్యాటరీ పోలేదు, ఎఫ్ఎం రేడియోల్లో, స్పీకర్లలో ఇంకా తిరుగుతూనే ఉంది. దీన్ని తీసి బయట చార్జింగ్ పెట్టుకుంటే పాడుతుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఇన్నాళ్ళూ పక్కింటివాళ్ళ క్లిప్పు అడిగి తెచ్చుకుంటోంది.

కాళ్ళు రెండూ జరిపి, పట్టీలకి ఆనించి, గోడకి గుచ్చాను. ఎర్ర లైటు వెలిగింది. "నిండగానే తీసెయ్యమ్మా, రాత్రంతా ఉంచకు" అన్నాను. "తెలుసులేరా" అంది. సంచి మాత్రం ఇంకా నా కారు డిక్కీలోనే ఉంది.