టర్బోచార్జరా, సూపర్‌చార్జరా? కారుకు ఏది మేలు

కొత్త కారు కోసం షోరూంకు వెళ్లిన కుటుంబానికి ఈ రోజుల్లో తప్పకుండా వినిపించే మాట ‘టర్బో’. ఒకే మోడల్‌లో మామూలు ఇంజిన్ ఒకటి, టర్బో ఇంజిన్ ఇంకొకటి ఉంటాయి. టర్బో ధర ఎక్కువ. ఇంట్లో కార్ల పిచ్చి ఉన్న కుర్రాడు ఉంటే ‘సూపర్‌చార్జర్’ అనే పేరు కూడా చెవిన పడుతుంది. గల్ఫ్‌లో ఉన్న అన్నో, బావో అక్కడి పెద్ద కార్ల ముచ్చట్లు చెప్పినప్పుడూ ఈ పేరు వస్తుంది. ఈ రెండూ చేసే పని ఒక్కటే. చేసే తీరు, అయ్యే ఖర్చు, తీసుకోవాల్సిన జాగ్రత్తలు మాత్రం వేరు. అవి తెలియకుండా తీసుకునే నిర్ణయం జేబుకు బరువే.

గాలితోనే బలం

పెట్రోలు కాలాలంటే గాలి కావాలి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి దాదాపు 14.7 గ్రాముల గాలి పడుతుంది. మామూలు ఇంజిన్ తనంతట తాను పీల్చుకున్న గాలితోనే సరిపెట్టుకుంటుంది. అదే గాలిని ఒత్తిడితో లోపలికి నెడితే, అంతే సైజు ఇంజిన్‌లో ఎక్కువ ఇంధనం కాల్చవచ్చు. అప్పుడు బలం పెరుగుతుంది.

మారుతి ఫ్రాంక్స్‌నే తీసుకుంటే, 1.2 లీటర్ల మామూలు పెట్రోలు ఇంజిన్ 4,400 ఆర్‌పీఎం దగ్గర సుమారు 113 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. దానికంటే చిన్నదైన 1.0 లీటర్ టర్బో ఇంజిన్ 2,000 ఆర్‌పీఎం నుంచే సుమారు 147 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. ఐదుగురు కూర్చుని, డిక్కీ నిండా సామాను పెట్టుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

టర్బో ఎలా పని చేస్తుంది?

ఇంజిన్ నుంచి సైలెన్సర్ వైపు వెళ్లే వేడి పొగలో ఇంకా చాలా శక్తి మిగిలి ఉంటుంది. టర్బోచార్జర్ దాన్నే వాడుకుంటుంది. ఆ పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో వైపున ఉన్న మరో చక్రం బయటి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపుతుంది. ఈ చక్రాలు నిమిషానికి లక్షకు పైగా సార్లు తిరుగుతాయి. గాలిని నొక్కితే వేడెక్కుతుంది కాబట్టి, దాన్ని చల్లబరచడానికి ఇంటర్‌కూలర్ ఉంటుంది.

వృథాగా పోయే పొగతో నడుస్తుంది కనుక టర్బో వల్ల ఇంజిన్ మీద పడే భారం తక్కువ. చిన్న ఇంజిన్‌తో పెద్ద ఇంజిన్ పని చేయించుకోవచ్చు. లోపం ఏమిటంటే, యాక్సిలరేటర్ తొక్కిన వెంటనే చక్రం వేగం అందుకోదు. బలం రావడానికి ఒక క్షణం ఆలస్యమవుతుంది. దీన్నే టర్బో ల్యాగ్ అంటారు. కొత్త ఇంజిన్లలో ఇది తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

ఈ పద్ధతికి స్విట్జర్లాండ్ ఇంజినీర్ ఆల్‌ఫ్రెడ్ బుషీ 1905లో పేటెంట్ పొందారు. మార్కెట్‌లో అమ్మిన కార్లలోకి ఇది 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కోర్వేర్‌లతో వచ్చింది.

సూపర్‌చార్జర్ తీరు వేరు

సూపర్‌చార్జర్‌కు పొగతో పని లేదు. సాధారణంగా ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్ నుంచి వచ్చే బెల్టే దాన్ని తిప్పుతుంది. ఇంజిన్ తిరిగితే ఇదీ తిరుగుతుంది. అందుకే కాలు నొక్కగానే బలం అందుతుంది, ఆలస్యం ఉండదు. మెర్సిడెస్ 1921లోనే సూపర్‌చార్జర్ ఉన్న కార్లను ప్రదర్శించింది.

అయితే దీన్ని తిప్పడానికి ఇంజిన్ తన బలంలోనే కొంత ఖర్చు చేయాలి. పెద్ద ఇంజిన్లలో ఈ ఖర్చు పదుల హార్స్‌పవర్‌లో ఉంటుంది. కాబట్టి మైలేజీ దగ్గర టర్బోదే పైచేయి. పెట్రోలు ధర చూసి బండి తీసే ఇంటికి ఈ ఒక్క మాట చాలు.

రెండూ కలిపితే?

ఆ ప్రయత్నమూ జరిగింది. ఫోక్స్‌వ్యాగన్ 2005లో గోల్ఫ్ జీటీలో 1.4 లీటర్ల ఇంజిన్‌కు రెండూ అమర్చి 170 హార్స్‌పవర్ రాబట్టింది. తక్కువ వేగంలో సూపర్‌చార్జర్, ఎక్కువ వేగంలో టర్బో పని చేసేవి. కానీ భాగాలు పెరిగితే ధర, మరమ్మతు రెండూ పెరుగుతాయి. మామూలు కుటుంబ కార్లలో చివరికి ఒక్క టర్బోనే నిలబడింది. గల్ఫ్‌లో అందరికీ తెలిసిన టయోటా ల్యాండ్ క్రూజర్ కూడా 2021లో వీ8 పెట్రోలు ఇంజిన్ స్థానంలో రెండు టర్బోలున్న వీ6 తెచ్చుకుంది.

మన దగ్గర ఎంపిక ఏది?

హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో మధ్యతరగతి బడ్జెట్‌లో కారు చూసేవారికి కంపెనీ నుంచి వచ్చేది టర్బోనే. సూపర్‌చార్జర్ కనిపించేది ఎక్కువగా ఖరీదైన విదేశీ కార్లలోనే. అంటే అసలు ప్రశ్న ‘టర్బో ఇంజిన్ కావాలా, మామూలు ఇంజిన్ చాలా’ అన్నదే.

రోజూ పిల్లల్ని బడిలో దింపి, ట్రాఫిక్‌లో ఆఫీసుకు వెళ్లి వచ్చే ఇంటికి మామూలు ఇంజిన్ చాలు. ధర తక్కువ, సంరక్షణ తేలిక. తరచూ హైవే మీద, నిండు బండితో, ఘాట్ రోడ్లలో తిరిగేవారికి టర్బో పెట్రోలు అక్కరకొస్తుంది. ఇక డీజిల్ కావాలనుకుంటే ఈ ప్రశ్నే లేదు, నేటి డీజిల్ కార్లన్నీ దాదాపు టర్బోతోనే వస్తున్నాయి.

పాత కారుకు బయట బిగిస్తే?

నష్టం ఎక్కువగా జరిగేది ఇక్కడే. సెకండ్ హ్యాండ్ కారు కొని, మెకానిక్ దగ్గర టర్బో కిట్ గానీ సూపర్‌చార్జర్ కిట్ గానీ వేయించుకోవాలని కుర్రాళ్లకు ఉబలాటం. మామూలు ఇంజిన్ పిస్టన్లు, గాస్కెట్, క్లచ్, కూలింగ్ అంత ఒత్తిడికి తయారైనవి కావు. కంప్రెషన్ ఎక్కువగా ఉన్న ఇంజిన్‌లోకి ఇంకా గాలి నెడితే ఇంధనం అదుపు తప్పి కాలుతుంది. దాన్నే నాకింగ్ అంటారు. అది ముదిరితే పిస్టన్లే పగులుతాయి. బ్రేకులు, టైర్లు కూడా పాత బలానికి సరిపడేవే. బండి మాత్రం కొత్త వేగంతో పోతుంది. అందులో కూర్చునేది ఇంటివాళ్లే.

చట్టం కూడా ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీ సంస్థ మొదట ఇచ్చిన వాటికి తేడాగా మారేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత, అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కంపెనీ వారంటీ పోతుంది. చెప్పకుండా చేసిన మార్పు బయటపడితే ప్రమాదం తర్వాత బీమా క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది.

టర్బో ఉన్నవారికి జాగ్రత్తలు

టర్బోకు ప్రాణం ఇంజిన్ ఆయిల్. మాన్యువల్‌లో రాసిన గ్రేడే వాడాలి. గడువు దాటించకూడదు. పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజిన్‌ను గట్టిగా రేస్ చేయొద్దు, ఆయిల్ పైదాకా చేరనివ్వాలి. హైవే మీద జోరుగా వచ్చినా, ఘాట్ ఎక్కి ఆగినా వెంటనే ఆపేయకుండా అర నిమిషం, నిమిషం ఐడిల్‌లో ఉంచాలి. లేకపోతే ఎర్రగా కాగిన భాగంలో ఆయిల్ నిలిచి మాడిపోతుంది. దుమ్ము రోడ్లలో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ తొందరగా మార్చాలి.

పాత టర్బో కారు కొనేటప్పుడు సర్వీసు రికార్డు అడగాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం. కొత్తగా ఈల మోత వస్తున్నా, ఎత్తు ఎక్కేటప్పుడు లాగుడు తగ్గినా నమ్మకమైన మెకానిక్‌కు చూపించకుండా బయానా ఇవ్వొద్దు. టర్బో మార్చాల్సి వస్తే బేరంలో మిగిలిందంతా దానికే పోతుంది.

బలం కావాలంటే కంపెనీ నుంచే టర్బోతో వచ్చిన కారు తీసుకోవాలి. అంత బడ్జెట్ లేకపోతే మామూలు ఇంజిన్‌తోనే నిశ్చింతగా నడుపుకోవచ్చు. బయట బిగించే కిట్‌కు పెట్టే డబ్బు మంచి టైర్లకు, సమయానికి సర్వీసుకు పెడితే ఆ ఖర్చు వృథా పోదు.