ఆకుపచ్చ వాన తెలుగులో కురిసిన కథ

మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబర్ 22న. నాలుగు నెలలు దాటగానే, 1999 మార్చి 31న, అమెరికాలో ‘ది మేట్రిక్స్’ విడుదలైంది. నాకు ఆ సినిమాలో ఫైట్ల కన్నా బలంగా పట్టుకున్నవి హీరో బృందం ఓడలోని మానిటర్లే. వాటిమీద చూరునీళ్లలా నిలువునా జారే ఆకుపచ్చ అక్షరాలు!

వాటిని రూపొందించినవాడు సైమన్ వైట్లీ అనే డిజైనర్. భార్య దగ్గరున్న జపనీస్ వంటపుస్తకాల నుంచి అక్షరాలను స్కాన్ చేశానని తర్వాత ఆయనే చెప్పాడు. అంటే తెరమీద కురిసింది రహస్య సంకేతం కాదు, సుషీ తయారీ విధానం. ఆ మానిటర్లు సినిమా సామగ్రి మాత్రమే, లోపల ఏ లెక్కా జరగదు. ప్రోగ్రామర్లు మాత్రం ఆ అక్షరాల వానను తమ కంప్యూటర్లో నిజంగా ఆడించాలనుకున్నారు. అదే ఏడాది క్రిస్ అల్లెగ్రెట్టా లినక్స్ టెర్మినల్ కోసం ‘సీమేట్రిక్స్’ రాశాడు. లినక్స్ వాడేవాళ్లకు బాగా తెలిసిన నానో ఎడిటర్ కూడా ఆయనదే. సీమేట్రిక్స్‌ను జీపీఎల్ లైసెన్స్ కింద సోర్స్ కోడ్‌తో సహా అందరికీ ఇచ్చేశాడు. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఈ ఇచ్చేయడమే.

అక్షరాలను జార్చే కిటుకు చిన్నదే. తెరను నిలువు వరుసలుగా విడదీయాలి. ప్రతి వరుసలో జారే ధార తల ఎక్కడుందో, పొడవెంతో, వేగమెంతో గుర్తుపెట్టుకోవాలి. తలను ఒక గడి కిందికి దింపి అక్కడ తోచిన అక్షరం రాయాలి, తోక చివర ఒకటి చెరిపేయాలి. తల తెలుపు, మిగతాదంతా ఆకుపచ్చ. సి భాష కొత్తగా నేర్చుకునే విద్యార్థి కూడా చేయగల పని.

మరి తెలుగులో రాయబోతే? అక్కడే తమాషా. టెర్మినల్ అంతా సమానమైన గడులు. సగం వెడల్పు జపనీస్ కటకానా అక్షరం ఒక గడిలో ఇట్టే ఇమిడిపోతుంది. యూనికోడ్ తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. వాటిలో గుడులు, కొమ్ములు, పొల్లు విడివిడిగా ఉంటాయి. గుడ్డిగా ఏరితే హల్లు తోడు లేని గుణింతపు గుర్తు చుక్కల వలయం పక్కన తేలుతుంది. ‘స్త్రీ’ చూడటానికి ఒకే అక్షరం, లోపల 6 సంకేతాలు. అచ్చులూ హల్లులే తీసుకుంటే చిక్కు తీరుతుంది కానీ, ఒత్తుల్లేని తెలుగు చూడబుద్ధి కాలేదు.

అందుకే టెర్మినల్ వదిలేసి బ్రౌజర్‌లో మళ్లీ రాశాను. క్ష్మి, స్త్రీ, జ్ఞా వంటి పూర్తి అక్షరాల జాబితా ఇచ్చి, ఒక్కోదాన్నీ విడగొట్టకుండా ఒకేసారి గీయించాను. ఒత్తును ఎక్కడ కూర్చోబెట్టాలో ఫాంటే చూసుకుంటుంది. గడి మాత్రం వెడల్పు చేయాల్సి వచ్చింది.

దీన్నీ జీపీఎల్ కిందే, సోర్స్‌తో సహా మిత్రులకు ఇచ్చాను. గచ్చిబౌలి మిత్రుడు తెలుగు అంకెలు కలిపి పంపాడు. ఇంకొకామె నేను మరిచిపోయిన ఱ, ౘ, ౙలను చేర్చింది.