ఉక్కుతంతీ, తీగచుట్టా

పాత రేడియోలో పాట ఆగిన క్షణాన వినవచ్చే సన్నని గుర్రు శ్రోతలకు కొత్త కాదు. దానిని వేటాడటమే మావంటివారి దినచర్య. విద్యుత్ గిటారును రికార్డు చేయబూనినవారికీ తొలి శత్రువు అదే. ఆ వాద్యంలో ఉక్కుతంతుల క్రింద అయస్కాంతమూ, దానిని ఆవరించి వేలకొలది చుట్లుగా సన్నని రాగితీగా ఉంటాయి. దీనినే పికప్ అంటారు. తంతి కదలగానే తీగలో విద్యుత్తు పుడుతుంది. అయితే గదిలోని దీపపు తీగల రొదను సైతం ఆ చుట్ట అంతే ఆదరంతో స్వీకరిస్తుంది. స్వరం చిట్లేటంతగా ధ్వనిని హెచ్చించే భారీ సంగీతంలో ఈ రొదా పెచ్చరిల్లుతుంది.

అమెరికాలో గిబ్సన్ సంస్థకు చెందిన సేత్ లవర్ దీనికి విరుగుడు కనిపెట్టి 1955లో పేటెంటు కోరినాడు, 1959లో లభించినది. రెండు చుట్టలను, వాటి ధ్రువాలను ఎదురెదురుగా అమర్చగా రొదలు పరస్పరం రద్దయి, తంతినాదాలు మాత్రం కలిసి బలపడినవి.

కనుక భారీ సంగీతానికి జంటచుట్టే తగునని మేమూ అంటాము. కాని ఆ సంగీతానికి ఆద్యుడనదగిన టోనీ అయోమీ కథ వేరు. బర్మింగ్‌హామ్ కార్ఖానాలో కుడిచేతి రెండు వేళ్ళ కొనలు తెగిపోయినవి. ఎడమచేతివాటపు అతనికి తంతులు నొక్కవలసిన చేయి అదే! వేళ్ళకు తొడుగులు చేసుకొని, సన్నని తంతులు బిగించి సాధన చేసినాడు. 1969లో లండనులో బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బం రికార్డు చేస్తుండగా అతని ఫెండర్ గిటారు పికప్ మొరాయించినది. మారుగా ఉంచుకొన్న గిబ్సన్ ఎస్‌జీని చేపట్టినాడు. దాని పికప్ ఒంటిచుట్టదే! 1970 ఫిబ్రవరి 13న వెలువడిన ఆ రికార్డులో మనకు వినిపించే గిటారు చాలమట్టుకు అదే.