భాష రాని సారు

ఆదివారం పొద్దున అడిక్‌మెట్ ఫ్లైఓవర్ దిగి ఉస్మానియా క్యాంపస్‌లోకి నడుచుకుంటూ వెళ్ళడం నాకు అలవాటు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కాసేపు కూర్చుని, తార్నాక దాకా వెళ్ళి చాయ్ తాగి వెనక్కి వస్తాను. ఈ నడకల్లో ఒక ప్రశ్న నన్ను చాలారోజులు వదల్లేదు. భాష రాని చోటికి పాఠం చెప్పడానికి వెళ్తే ఎవరు ఎవరి భాష నేర్చుకోవాలి?

ఆ ప్రశ్న పుట్టింది పోలండ్‌లో. కొన్నేళ్ళ క్రితం ఆఫీసువాళ్ళు నన్ను మూడు నెలలు అక్కడికి పంపారు, కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పమని. మొదటివారం పాలనుకుని మజ్జిగ కొనుక్కొచ్చి కాఫీ పెట్టుకున్నాను. అది నవ్వుకోవాల్సిన కష్టం. అసలు కష్టం క్లాసులో. నేను ఇంగ్లీషులో చెప్తుంటే అందరూ తల ఊపేవాళ్ళు. ఆ తల ఊపడం నాకు బాగా తెలుసు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు, మొదటి ఏడాదంతా నేనూ అలాగే ఊపాను.

తిరిగొచ్చాక ఈ క్యాంపస్ చరిత్ర చదవడం మొదలుపెట్టాను. ఉస్మానియా 1918లో ఏర్పడింది. మొదట గన్‌ఫౌండ్రీ ప్రాంతంలో అద్దె భవనాల్లో నడిచింది. శాశ్వత క్యాంపస్ కోసం స్థలాలు పరిశీలించిన పాట్రిక్ గెడ్డెస్ స్కాట్లండ్ మనిషి. ఆర్ట్స్ కాలేజీ నమూనా గీసిన జాస్పర్ బెల్జియం వాడు. ఆ భవనం 1939లో ప్రారంభమైంది. బోధన మాత్రం ఉర్దూలో. ఇంగ్లీషు రాజ్యమేలుతున్న రోజుల్లో, ఒక భారతీయ భాషలో సైన్సూ వైద్యమూ చెప్పాలని పూనుకోవడం చిన్న సంగతి కాదు. అందుకోసం దార్-ఉల్-తర్జుమా అనే అనువాద శాఖనే పెట్టి పాఠ్యపుస్తకాలు తయారుచేయించారు.

కానీ నిజాం రాజ్యంలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు, మరాఠీ, కన్నడం. ఏ కరీంనగర్ పల్లె నుంచో వచ్చిన కుర్రాడికి ఈ ‘దేశభాష’ కూడా బడిలో నేర్చుకోవాల్సిన భాషే. రాయప్రోలు సుబ్బారావుగారు ఇక్కడ తెలుగు ఆచార్యులుగా పనిచేశారు. బ్రిటిష్ ఆంధ్ర నుంచి వచ్చి, తెలుగువాళ్ళే అందరికన్నా ఎక్కువగా ఉన్న రాజ్యంలో, తెలుగు ఒక సబ్జెక్టు మాత్రమే అయిన విశ్వవిద్యాలయంలో తెలుగు చెప్పారన్నమాట! 1948 తర్వాత ఉర్దూ స్థానంలోకి ఇంగ్లీషు వచ్చింది. తల ఊపడం మాత్రం పోలేదు.

ఇదే ఉస్మానియాలో 1945 నుంచి కొన్నాళ్ళు మానవశాస్త్రం బోధించినవాడు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. వియన్నాలో పుట్టాడు. 1939లో యుద్ధం మొదలయ్యేనాటికి ఇండియాలో ఉన్నాడు. ఆస్ట్రియాని జర్మనీ అప్పటికే కలిపేసుకుంది కాబట్టి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్‌వాళ్ళ లెక్కలో శత్రుదేశస్థుడు. హైదరాబాద్ రాజ్యం దాటి వెళ్ళకూడదన్నారు. ఆ నిర్బంధాన్నే పనిగా మార్చుకుని, భార్య బెట్టీతో కలిసి చెంచుల దగ్గరికీ, కొండరెడ్ల దగ్గరికీ, ఆఖరికి ఆదిలాబాద్ గోండుల దగ్గరికీ వెళ్ళాడు. మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. గోండి నేర్చుకున్నాడు.

ఆ తర్వాత చేసిన పనే నాకు ముఖ్యంగా తోస్తుంది. గోండు పిల్లలకి ఉర్దూలోనో మరాఠీలోనో పాఠాలు చెప్తే లాభం లేదని, గోండు యువకుల్నే ఉపాధ్యాయులుగా తయారుచేసే శిక్షణ కేంద్రం మార్లవాయిలో పెట్టించాడు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి. తర్వాత ఆ ప్రాంతంలో అధికారిగా పనిచేసిన సేతుమాధవరావు పగడీ కూడా గోండి నేర్చుకుని, ఆ భాషకి వ్యాకరణం రాశారు.

హైమన్‌డార్ఫ్‌ని దేవుణ్ణి చెయ్యక్కర్లేదు. 1940లో కుమ్రం భీమ్‌ని జోడేఘాట్‌లో చంపిన ప్రభుత్వమే ఆయన్ని నియమించింది. మళ్ళీ తిరుగుబాటు రాకూడదన్న ఆలోచన ఆ సంస్కరణల వెనక ఉంది. భాష నేర్చుకున్నంత మాత్రాన అధికారి అధికారి కాకుండా పోడు. అయినా, బయటినుంచి వచ్చిన మనిషి తన పాఠం తాను చెప్పుకుని పోకుండా, ఆ ఊరివాళ్ళే చెప్పుకునే ఏర్పాటు చేశాడు. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. గోండులు వాళ్ళని ఇప్పటికీ తలుచుకుంటారు.

భాష రాకపోవడం సారుకి ఒక అనుభవం. తిరిగొచ్చి, నాలాగా, మజ్జిగ కాఫీ కథ చెప్పుకోవచ్చు. విద్యార్థికి అదే ఫెయిలవడం. రెండింటినీ ఒకే కష్టంగా లెక్కగట్టడం అన్యాయం.

పోలండ్‌లో చివరి నెల, ఓపిక అయిపోయి, బాగా పట్టుకున్న ఒకమ్మాయిని వాళ్ళ భాషలోనే క్లాసు చెప్పమన్నాను. నేను వెనక కూర్చున్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. మొదటిసారి వాళ్ళు తల ఊపడం మానేసి ప్రశ్నలు అడిగారు. అప్పటికి నాకు మార్లవాయి పేరు కూడా తెలీదు.

ఆదిలాబాద్ వైపు నుంచి ఈ క్యాంపస్‌కి చదువుకోడానికి వచ్చే గోండు పిల్లలు ఉన్నారు. ఇంట్లో గోండి, బడిలో తెలుగు, ఇక్కడ ఇంగ్లీషు. వాళ్ళు తల ఊపుతున్నప్పుడు అర్థమైందని ఊపుతున్నారో, అలవాటుగా ఊపుతున్నారో కనుక్కునే సారు ఎవరైనా ఉన్నాడా అని, మెట్ల మీద కూర్చున్నప్పుడల్లా అనుకుంటాను.