ఐసెన్‌హోవర్ గుండెపోటు: లెక్కకు రాని గంటలు

1955 సెప్టెంబర్ 24. డెన్వర్‌లో అత్తవారింట విడిది చేసి ఉన్న అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు తెల్లవారుజామున రెండు గంటల వేళ ఛాతీనొప్పితో మెలకువ వచ్చింది. ముందురోజు గోల్ఫ్ ఆడారు. ఉల్లిపాయ వేసిన హాంబర్గర్ తిన్నారు. అజీర్తి కాబోలని భార్య మేమీ మిల్క్ ఆఫ్ మెగ్నీషియా పట్టించారు. ఆ తర్వాత వచ్చిన ఆంతరంగిక వైద్యుడు హోవర్డ్ స్నైడర్ మార్ఫిన్ ఇచ్చారు. ఉదయం పత్రికలవారికి చెప్పిన మాట కూడా అజీర్తి అనే. ఈసీజీ తీసేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ తర్వాతే ఆయనను ఫిట్జ్‌సిమన్స్ సైనిక ఆసుపత్రికి తరలించారు.

గుండెపోటని మొదటే గ్రహించాననీ, రోగి విశ్రాంతి చెడకూడదనే ఆగాననీ స్నైడర్ తరువాత రాసుకున్నారు. 1997లో వచ్చిన ‘ఐసెన్‌హోవర్స్ హార్ట్ ఎటాక్’లో క్లారెన్స్ లాస్బీ ఆ మాట నమ్మలేదు. జరిగింది రోగనిర్ధారణలో పొరపాటనీ, మిగిలిందంతా దాన్ని కప్పిపుచ్చుకోవడమేననీ ఆయన వాదం. నాకూ అదే సబబుగా తోచింది.

అయితే ఆ పది గంటల్లో పోయిందేమిటి? నిజం చెప్పాలంటే, ఆనాటికి పెద్దగా ఏమీ లేదు. మూసుకున్న ధమనిని తెరిచే చికిత్స వాడుకలో లేదు. త్వరగా చేర్చినా దక్కేది ఆక్సిజన్, హెపారిన్, మంచం. ఏడు వారాల తర్వాత ఆయన ఇంటికి వెళ్లారు. మరుసటి ఏడాది మళ్లీ గెలిచారు.

కాలానికి విలువ వచ్చింది తర్వాతే. నొప్పి మొదలైన నాలుగు గంటల్లోపు పరీక్షించినవారిలో 87 శాతం మందికి ధమని పూర్తిగా మూసుకుపోయి ఉందని 1980లో స్పోకేన్ వైద్యుడు డివుడ్ బృందం చూపింది. 1986లో ఇటలీలో దాదాపు పన్నెండు వేలమందిపై జరిగిన జిస్సీ అధ్యయనంలో, తొలి గంటలోనే స్ట్రెప్టోకైనేజ్ అందినవారిలో మరణాలు సగానికి దగ్గరగా తగ్గాయి. ఆరు గంటలు దాటాక ఇస్తే ప్రయోజనం కనిపించలేదు.

ఇక అమెరికా ఆసుపత్రులు గడియారం పట్టుకున్నాయి: గుమ్మం దాటిన 90 నిమిషాల్లో బెలూన్‌తో ధమని తెరవాలి. ఆ వ్యవధి 83 నిమిషాల నుంచి 67కు తగ్గినా, ఆసుపత్రిలో మరణాలు 4.8 నుంచి 4.7 శాతానికి మాత్రమే కదిలాయని 2013లో ఒక అధ్యయనం తేల్చింది. అందులో నాకు వింతేమీ లేదు. ఆ గడియారం ఆసుపత్రి గుమ్మంలోనే మొదలవుతుంది. ‘గ్యాసే’ అనుకుని, వాము నమిలి, సోడా తాగి, తెల్లారనిద్దామని ఇంట్లో గడిపిన గంటలు అందులో పడవు.