అనుజ్ఞకు ముందటి సేవ



విద్య ముగియుట యొకటి. ఆ విద్యచే వృత్తి సాగించుటకు అనుజ్ఞ లభించుట వేఱొకటి. ఈ రెంటి నడుమ నుండు దినములలో క్రొత్తగా చదువు ముగించిన నర్సు రోగిసేవ చేయవచ్చునా? చేసినచో మంచిచెడ్డలకు బాధ్యులెవ్వరు? ఈ విషయమున చరిత్ర యేమి చెప్పుచున్నదో నేడు మనవి చేసెదను.

ఈ ప్రశ్నము మనవారికి క్రొత్తది కాదు. చరకసంహిత వైద్యమునకు నాలుగు పాదములు చెప్పినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునకు ఉపచారజ్ఞానము, దక్షత, రోగియందు అనురాగము, శుచిత్వము ఉండవలయుననినది. వైద్యుడు శాస్త్రము చదివి, చికిత్సను చూచి, స్వయముగ చేసి, రాజానుజ్ఞను బడసి వృత్తిలో ప్రవేశింపవలయునని సుశ్రుతుడు విధించెను. చేయుట ముందు, అనుజ్ఞ తరువాత. కావున అనుజ్ఞకు ముందే కొంత పని తప్పదనియు, అది గురువు కనుసన్నలలో జరుగవలయుననియు నేను గ్రహించుచున్నాను.

నర్సులకు ఈ రాజానుజ్ఞ చాల ఆలస్యముగ వచ్చినది. వారి నమోదునకై ప్రత్యేక శాసనమును మొట్టమొదట చేసిన దేశము న్యూజిలాండు, 1901లో. ఇంగ్లండులో ఎథెల్ బెడ్‌ఫర్డ్ ఫెన్విక్ దీనికై దీర్ఘకాలము పాటుపడగా, ఫ్లారెన్సు నైటింగేలు ఎదిరించిరి. పరీక్ష జ్ఞానమును కొలుచును గాని శీలమును కొలువజాలదని వారి వాదము. తుదకు 1919లో అచట శాసనమైనది. నాటి మద్రాసు రాజధానిలో నర్సుల, మంత్రసానుల చట్టము 1926లో వచ్చినది.

నడిమి దినముల చిక్కు స్పష్టముగ కనబడునది అమెరికా సంయుక్త రాష్ట్రములలో. అచట 1903లో నార్తు కరొలైనా మొదటి శాసనము చేసెను. తొలి శాసనములు "రిజిస్టర్డు నర్సు" అను బిరుదమును మాత్రమే కాపాడినవి. బిరుదము లేనివారును కూలికి సేవ చేయవచ్చును. లైసెన్సు లేనిదే పని చేయరాదని న్యూయార్కు 1938లో శాసించినను, యుద్ధము వలన అది యుద్ధానంతరముననే అమలునకు వచ్చినది.

ఆ యుద్ధకాలముననే నర్సుల కొఱత తీర్పుటకై 1943లో కాడెట్ నర్సుదళము ఏర్పడెను. పాఠములను 30 నెలలలోపల ముగించి, పట్టా చేతికి వచ్చువఱకు వారిని సీనియరు కాడెట్లుగా ఆస్పత్రులలో పెద్దల పర్యవేక్షణ క్రింద నియోగించిరి. ఇట్లు 1,20,000 మందికి పైగా నర్సులైరి.

తరువాతి కాలమున లైసెన్సు పరీక్ష కాగితముపై, సంవత్సరమునకు రెండు మార్లే జరుగుచుండెను; ఫలితములకు వారముల తరబడి వేచియుండవలయును. బడిపంతులుగా పనిచేసిన నాకు ఫలితములకై కనిపెట్టుకొని యుండు పిల్లల ఆరాటము తెలియును. ఇచట ఆరాటము వారిది మాత్రమే కాదు. నర్సుకు జీతము కావలయును, ఆస్పత్రికి మనిషి కావలయును, రోగికి ప్రాణము దక్కవలయును. కావున పలు రాష్ట్రములు తాత్కాలిక అనుమతి నిచ్చెను. అట్టివారు "గ్రాడ్యుయేట్ నర్సు"లని పిలువబడుచు, లైసెన్సు గల నర్సు అండనే పని చేయవలయును. పరీక్ష తప్పినచో అనేకచోట్ల ఆ అనుమతి రద్దగును.

1994లో పరీక్ష కంప్యూటరుపైకి మారి, ఫలితములు కొలది దినములలోనే తెలియజొచ్చినవి. నిరీక్షణము తగ్గుటతో కొన్ని రాష్ట్రములు ఈ అనుమతిని మానుకొన్నవి. న్యూయార్కు నేటికిని పరిమితానుమతి నిచ్చుచున్నది. 2020లో కోవిడు మహమ్మారి వచ్చి పరీక్షాకేంద్రములు మూతపడగా, పెక్కు రాష్ట్రములు మరల ఆ ద్వారమునే తెఱచినవి.

దీనివలన తేలునదేమి? ఆపద వచ్చినపుడెల్ల ప్రభుత్వములు కాగితమునకు ముందే చేతులను పనికి పిలిచినవి. అందు దోషము లేదు. ఒంటరిగ వదలుటయే దోషము. అనుమతిపత్రము ఆలస్యమైనను పర్యవేక్షించు పెద్దదిక్కు ఆలస్యము కారాదు. అనుభవము లేని బాలికను రాత్రివేళ వార్డంతటికి ఒక్కతెనే నిలిపి, కీడు జరిగినపుడు ఆమె తలపైనే మోపుట రోగికిని, ఆమెకును అన్యాయము.

కావున పెద్దలారా! మీ ఊరి బాలిక నర్సింగు చదువు ముగించి నమోదు కాకమునుపే ఉద్యోగమునకు పిలువబడినచో, జీతమెంత యని యడుగుటకు ముందు, "అచటి కౌన్సిలు నిబంధన ఇందుకు ఒప్పునా? ఈమె చేయు పనికి పైనుండి పూచీపడు నర్సు ఎవరు?" అని విచారింపుడు. ఆ రెండు ప్రశ్నలకు సమాధానము దొరికిన చోటనే ఆమెకును, ఆమె చేతిలోని రోగికిని క్షేమము.