ఇద్దరు దుబాసీలు: రాష్ట్రేతర తెలుగువారి ఇంగ్లీషు చదువు

తెలుగు రాష్ట్రాల వెలుపల తరతరాలుగా స్థిరపడిన మన విద్యార్థులపై ఒక ఆక్షేపణ తరచు వినవస్తుంది: వీరు ఇంటి భాషను వదిలి ఇంగ్లీషు మోజులో పడ్డారని. ఈ మాటను మేము పూర్తిగా కాదనం. అయితే ఇంగ్లీషు పట్ల మనవారి వైఖరి మోజుతో మొదలు కాలేదు, బతుకుతెరువుతో మొదలైంది. ఇందుకు మద్రాసు చరిత్రే సాక్ష్యం.

19వ శతాబ్దపు తొలి దశకాల్లో మద్రాసులో ఇంగ్లీషు వచ్చిన తెలుగువారికి కోర్టుల్లో, కచేరీల్లో దుబాసీ పని దొరికేది. వెన్నెలకంటి సుబ్బారావు సదర్ అదాలత్ కోర్టులో, ఏనుగుల వీరాస్వామయ్య సుప్రీం కోర్టులో (నేటి సుప్రీం కోర్టు కాదు, కంపెనీ రోజుల్లో మద్రాసులోనే ఉండినది) ఈ పనే చేశారు. ఇద్దరికీ అన్నం పెట్టింది ఇంగ్లీషే. కాని 1830-31లో కాశీయాత్ర చేసిన వీరాస్వామయ్య ఆ విశేషాలను తెలుగులో, అదీ వాడుకకు దగ్గరైన తెలుగులో రాశారు. ఆయన పోయిన రెండేళ్లకు, 1838లో, ఆ పుస్తకం అచ్చయింది. సుబ్బారావు తన జీవితకథను ఇంగ్లీషులో రాసుకున్నారు. అది 1873లో వెలువడింది. ఒకే పట్నం, ఒకే వృత్తి, రెండు దారులు. అంతమాత్రాన ఒకరిని భాషాభిమాని అనీ రెండోవారు కాదనీ తేల్చలేం. పిల్లలు చదువుతున్నారే గాని చదివినదాని అర్థం గ్రహించడం లేదని 1820లోనే మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి నివేదించినవారు ఈ సుబ్బారావే!

1839లో సుమారు 70 వేల సంతకాలతో మద్రాసు వాసులు ఉన్నత విద్య కోసం గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు. తర్వాత తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి 1844లో 'క్రెసెంట్' అనే పత్రికను ఇంగ్లీషులోనే నడిపారు. పాఠశాలల్లో బైబిలును పాఠ్యగ్రంథం చేయాలన్న ప్రయత్నాన్ని ఎదిరించినవారూ ఆయనే. దొరల భాష కావాలి, దాని వెంట వచ్చే మతబోధ వద్దు. ఈ విచక్షణను మనం గుర్తించవలసి ఉంది.

స్వాతంత్ర్యానంతరం సమస్య రూపు మారింది. 1968లో తమిళనాడు ద్విభాషా విధానాన్ని చేపట్టినప్పుడు తెలుగు విద్యార్థి మొదటి భాషగా తెలుగును, రెండవదిగా ఇంగ్లీషును తీసుకొని నెట్టుకురాగలిగాడు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం దానిని మార్చింది. తమిళం మొదటి భాగం, ఇంగ్లీషు రెండవ భాగం అయ్యాయి. తెలుగు ఐచ్ఛికంగా నాలుగవ భాగంలోకి జారింది. ఒకటవ తరగతితో మొదలైన ఈ నిబంధన 2015-16 నాటికి పదవ తరగతికి చేరింది. మినహాయింపుల కోసం అల్పసంఖ్యాక భాషల పాఠశాలలు కోర్టులను ఆశ్రయించాయి. 2023లో సుప్రీం కోర్టు ఆ ఒక్క సంవత్సరానికి సడలింపు ఇచ్చింది. ఈ పెనుగులాట అంతటిలో ఇంగ్లీషు స్థానం ఒక్క మెట్టు కూడా కదలలేదు. పొరుగు భాషను నేర్వడం మేలే, ఆ విషయంలో మాకు పేచీ లేదు. కాని మూడింటిలో ఒకటి తగ్గాలన్నప్పుడు తగ్గినది తెలుగే.

కర్ణాటకలో కథ వేరు. ప్రాథమిక తరగతుల్లో మాతృభాషనో కన్నడాన్నో బోధనా మాధ్యమం చేసిన 1994 నాటి ఉత్తర్వును సుప్రీం కోర్టు 2014లో కొట్టివేసి, మాధ్యమాన్ని ఎంచుకొనే హక్కు తల్లిదండ్రులదని చెప్పింది. ఆ హక్కుతో తెలుగును కోరుకోవచ్చు, ఇంగ్లీషునూ కోరుకోవచ్చు. ఉద్యోగం ఏ భాషలో దొరుకుతుందో తెలిసిన తండ్రి ఏది కోరుకుంటాడో వేరే చెప్పాలా?

మా తరగతికి వచ్చే హోసూరు ప్రాంతపు పిల్లలు కొందరు తెలుగు ధారాళంగా మాట్లాడతారు, రాయమంటే ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. వారిచేత మేము ఇప్పుడు వీరాస్వామయ్య కాశీయాత్రను చదివిస్తున్నాం. అక్షరాలు కూడబలుక్కుంటూ వారానికి ఒకటి రెండు మజిలీలు దాటుతున్నారు.